సీటు ఎవరికి? 1857 నుంచి మారుతూ వచ్చిన ప్రవేశ అర్హతలు

మార్కుల మెమో, ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం. కౌన్సెలింగ్‌కు వెళ్లేటప్పుడు ఫైల్‌లో పెట్టుకునే ఈ కాగితాల వెనక పెద్ద చరిత్రే ఉంది. దాన్ని వరుసగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. "ఎంత ప్రతిభ ఉండాలి?" అనే ప్రశ్నకు ముందే "ఎవరిని అభ్యర్థిగా లెక్కించాలి?" అనే ప్రశ్నకు ప్రతి తరం జవాబు వెతుక్కుంది.

1857: ఇంగ్లిష్ గడప

1854 నాటి వుడ్స్ డిస్పాచ్ ఫలితంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఇవి మొదట్లో పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే సంస్థలే. మెట్రిక్యులేషన్ పాసవడమే అర్హత. కానీ దానికి ఇంగ్లిష్ రావాలి. ఇంగ్లిష్ బడులు ఎక్కువగా పట్టణాల్లో ఉండేవి, ఫీజు కట్టగలిగినవారే అక్కడ చేరేవారు. కాగితం మీద తెరిచి ఉన్న తలుపు కొద్దిమందికే అందింది.

1878: మహిళల ప్రవేశం

1876లో చంద్రముఖి బసు కలకత్తా ప్రవేశ పరీక్షకు ప్రత్యేక అనుమతితో కూర్చోవాల్సి వచ్చింది. అవసరమైన ప్రమాణం అందుకున్నా ఉత్తీర్ణుల జాబితాలో ఆమె పేరు చేర్చలేదు. 1878లో విశ్వవిద్యాలయం మహిళలకు పరీక్షలు తెరిచింది. అదే ఏడాది కాదంబినీ బసు (తర్వాత గంగూలీ) ప్రవేశ పరీక్ష పాసయ్యారు. 1883లో ఇద్దరూ పట్టభద్రులయ్యారు. మహిళలకు ఆక్స్‌ఫర్డ్ 1920లో, కేంబ్రిడ్జ్ 1948లో గానీ పూర్తి స్థాయి డిగ్రీలు ఇవ్వలేదు. ఇక్కడ పరీక్ష ప్రమాణం తగ్గలేదు, అడ్డు మాత్రమే తొలగింది.

1951: మార్కులా, సమాజమా?

ఆంధ్ర ప్రాంతం కూడా భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజినీరింగ్ సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు-భారతీయ క్రైస్తవులకు 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇది 29(2) అధికరణకు విరుద్ధమని కొట్టేసింది. ఆదేశిక సూత్రమైన 46వ అధికరణ ప్రాథమిక హక్కులను దాటిపోలేదని చెప్పింది. రెండు నెలల్లోనే మొదటి సవరణ ద్వారా పార్లమెంటు 15(4)ను చేర్చింది. మైసూరులో 68 శాతానికి చేరిన రిజర్వేషన్లను బాలాజీ కేసులో (1963) కోర్టు రద్దు చేస్తూ, సాధారణంగా అవి 50 శాతం లోపు ఉండాలంది.

వెనుకబాటును గుర్తించాలన్నది శాసనసభల వాదన, దానికి హద్దు ఉండాలన్నది కోర్టుల వాదన. నేటికీ మన చర్చ ఈ రెండింటి మధ్యే సాగుతోంది.

1974: చదివిన చోటు

ముల్కీ వివాదం, రెండు ప్రాంతాల ఉద్యమాల తర్వాత 32వ సవరణతో 371-డి వచ్చింది. దాని కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు 85 శాతం సీట్లను స్థానికులకు ఇచ్చాయి. రాష్ట్రస్థాయి సంస్థల్లో ఆ వాటాను ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర ప్రాంతాల మధ్య 42:36:22 నిష్పత్తిలో పంచారు. నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడగడం ఇక్కడి నుంచే వచ్చింది.

2005 తర్వాత

93వ సవరణ (2005) 15(5)ను చేర్చి ప్రైవేటు సంస్థలనూ రిజర్వేషన్ల పరిధిలోకి తెచ్చింది. 103వ సవరణ (2019) ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం ఇచ్చింది. 2022లో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని కొన్ని కోర్సులకు కటాఫ్ 100 శాతానికి చేరింది. మరుసటి ఏడాది సీయూఈటీ వచ్చింది. బోర్డుల మధ్య మార్కుల తేడా సమస్య తగ్గినా, కోచింగ్ కొనుక్కోలేని విద్యార్థి సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

ముగింపు

1878లో జరిగింది అడ్డు తొలగించడం. 1951, 1974లలో జరిగింది దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం. మొదటిది రూపంలో సమానత్వం, రెండోది సారంలో సమానత్వం. 1857 అనుభవం చెప్పేది ఒకటే: మొదటిది ఒక్కటీ ఉంటే సరిపోదు. వ్యాసంలో ఈ తేడా చూపిస్తే "ప్రతిభా, రిజర్వేషనా?" అనే అరిగిపోయిన చర్చ నుంచి మీ జవాబు బయటపడుతుంది.

సాధన ప్రశ్న: "ప్రవేశ అర్హతల చరిత్ర అంటే సమానత్వానికి మనం ఇచ్చుకున్న నిర్వచనాల చరిత్రే." చర్చించండి. (250 పదాలు)