కచేరి

మాధవరం దగ్గర తుంగభద్ర వంతెన దాటి రాయచూరు వైపు పోతే ఒక మాట మారిపోతుంది. ఇవతల బోర్డు మీద 'తహశీల్దారు వారి కార్యాలయము' అని ఉంటే, అవతల కన్నడంలో 'తహశీల్దారర కచేరి' అని ఉంటుంది. కన్నడ లిపి కూడబలుక్కుంటే మనకు అందేదే. కొత్తగా చదివిన తెలుగువాడికి మాత్రం లోపలెవరో వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారేమో అనిపిస్తుంది.

నిజానికి మాట మార్చింది మనమే. వంతెనకు ఇవతల ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోనిది. అక్కడి పెద్దలకు కచేరి అంటే అర్జీలూ అడంగళ్లూ ఉండే చోటు. హిందుస్తానీ 'కచహరీ' నుంచి వచ్చిన మాట ఇది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ ఇది ఆఫీసే. నలుగురూ కూడి ఒకరి మాట వినే చోటు కాబట్టే, కూడి పాట వినడానికీ ఆ పేరు కుదిరిందని నాకు తోస్తుంది. మద్రాసులో సంగీత సభలకు పేరుపడ్డ మైలాపూరులో ఒక కచేరి రోడ్డు ఉంది. దానికి ఆ పేరు వచ్చింది పాట వల్ల కాదు, పాత ఆఫీసు వల్ల.

అంటే మనవాళ్లు ఆఫీసు మాటను సంగీతానికి ఇచ్చారు. కంప్యూటర్ వాళ్లు సరిగ్గా దీనికి ఎదురు నడిచారు. వేరువేరు చోట్ల నడిచే వెబ్ సేవలను వరుసగా పిలిచి, ఒక వ్యాపార పనిని మొదటినుంచి చివరిదాకా నడిపించడాన్ని వాళ్లు 'ఆర్కెస్ట్రేషన్' అన్నారు. అందుకోసం 2002లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, బీఈఏ కలిసి ఒక భాషను ప్రతిపాదించాయి. దాన్ని ముద్దుగా బీపెల్ అంటారు. 2007లో అది ఒయాసిస్ సంస్థ ప్రమాణమైంది. అందులోని క్రియలు చిన్నవి: ఇన్వోక్ అంటే పిలువు, రిసీవ్ అంటే అందుకో, రిప్లై అంటే బదులియ్యి. సగంలో బెడిసికొడితే కాంపెన్సేట్ ఉంది. డబ్బు కట్టించుకున్నాక సీటు దొరకలేదనుకోండి, ఆ డబ్బు వెనక్కివ్వడమన్న మాట.

ఆర్కెస్ట్రా కూడా మొదట్లో చోటు పేరే. గ్రీకు నాటకశాలలో బృందం ఆడే ఆవరణ అది. తర్వాత వాయించేవాళ్ల పేరైంది. కచేరిదీ అదే దారి. తేడా ఒక్కటే. ఆర్కెస్ట్రాకు ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడేవాడు తాను వాయించడు. కచేరి నడిపేవాడు తానే పాడతాడు, తొడ మీద తాళం వేస్తాడు. తని ఆవర్తనం రాగానే తాను ఆగి, మృదంగానికి వదిలేసి, ముక్తాయింపు కోసం కాచుకుంటాడు. పిలవడమూ, వదలడమూ, తిరిగి అందుకోవడమూ అక్కడ కంటికి కనిపిస్తాయి.

మరి మన పాత కచేరిలో తాళం ఎవరు వేశారు? ఆదాయం సర్టిఫికెట్ కావాలంటే వీఆర్వో రాయాలి, ఆర్ఐ చూడాలి, తహశీల్దారు సంతకం పెట్టాలి. ఎవరి బల్ల దగ్గర వాళ్లు సరిగ్గానే వాయించేవాళ్లు. కాగితాన్ని బల్ల నుంచి బల్లకు మోసిందీ, ఏ సంతకం పడిందో ఏది పడలేదో గుర్తుపెట్టుకున్నదీ, "సారు క్యాంపులో ఉన్నాడు" అంటే మళ్లీ సోమవారం బస్సెక్కిందీ అర్జీదారే. ఆర్కెస్ట్రేషన్ చేసింది ఆ మనిషే. జీతం లేదు సరికదా, బస్సు చార్జీ ఎదురు.

2011 నవంబరులో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. అర్జీ తెర మీద నడవడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ తీసుకున్నది గుమాస్తా పని అనుకుంటాం గానీ, ముందు తీసుకున్నది అర్జీదారు నెత్తిమీది మోతను. అర్జీ ఎక్కడ ఆగిందో సాఫ్ట్‌వేర్ చెప్పగలిగినంత కాలమే ఆ మాట నిజం. బీపెల్‌లో ఎదురుచూపుకు గడియారం కూడా పెట్టవచ్చు. గడువు దాటినా బదులు రాకపోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుంటారు. కచేరిలో వయొలిన్ వెనకబడితే గాయకుడు పక్కకు చూసే చూపు లాంటిదే అది. ఆ చూపు లేని తెర మీద 'పెండింగ్' అన్న ఒక్క మాట పన్నెండు రోజులు కదలకుండా కూర్చోవడం నేను చూశాను. అర్జీ నాదే.

ఆ పన్నెండో రోజు సచివాలయం కిటికీ దగ్గర నా ముందు ఒక అవ్వ నిలబడి ఉంది. సర్వర్ రాలేదు. లోపలి కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. అవ్వ కాసేపు ఓపిక పట్టి, "ఏమప్పా, ఈ పొద్దు కచేరి ఉందా, లేదా?" అంది.

కుర్రాడు తలెత్తాడు. "మంత్రాలయం మఠంలో ఉంటుందేమో అవ్వా, సాయంత్రం" అన్నాడు.