కర్నూలు నగరము: నదీసంగమము, వరదచరిత్ర, బీమా

తుంగభద్రకు దక్షిణపుటొడ్డున, హంద్రీనది దానిలో కలియుచోట కర్నూలు నగరము వెలసినది. దీని పూర్వనామము కందనవోలు. అలంపురమున దేవాలయములు కట్టుటకై రాళ్లు తోలుకొనిపోవు బండ్లవారు ఇచ్చట ఆగి, నదిని దాటుటకు ముందు ఇరుసులకు కందెన పెట్టుకొనుచుండిరనియు, అందుచే ఈ యూరికి ఆ పేరు కలిగెననియు ఐతిహ్యము కలదు. ఉత్తరపదమగు ‘వోలు’ను ‘ప్రోలు’ శబ్దమునుండి వచ్చినదిగా గ్రహింపవచ్చును. నిరవద్యప్రోలు నిడదవోలైన తీరు ఇందుకు నిదర్శనము. పూర్వపదము విషయమున మాత్రము ఐతిహ్యమును నిరుక్తముగా స్వీకరింప నక్కరలేదు. ఊరిపేరులకు జనులు అల్లుకొన్న కథలు తరచుగా శబ్దశాస్త్రమునకు లొంగవు. అయినను చరిత్రకారునకు పనికివచ్చు అంశమొకటి ఇందున్నది. నదిని దాటుట ఆగి, సిద్ధపడి చేయవలసిన పని యని ఈ కథ చెప్పుచున్నది.

నగరచరిత్రను పరిశీలించినచో, నీటి సామీప్యమే దీనికి బలమును అపాయమును అయినట్లు తోచును. విజయనగరకాలపు కోటలో మిగిలిన కొండారెడ్డి బురుజు నేటికిని ఊరినడుమ నిలిచియున్నది. అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధియైన గోల్ గుమ్మజ్ హంద్రీయొడ్డుననే కలదు. ఎగువ సుంకేసుల ఆనకట్టనుండి కడపవరకు సాగు కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో ఆరంభించెను. సేద్యమునకును పడవల రాకపోకలకును ఉద్దేశింపబడిన ఆ కాలువను 1882లో ప్రభుత్వము కొనవలసివచ్చెను. 1953 అక్టోబరు 1 మొదలు 1956 అక్టోబరు చివరివరకు కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని. 2011 జనగణన నాటికి నగరజనాభా నాలుగులక్షలు దాటినది. రెండు నదుల నడుమ పెరుగు ఊరు కాలక్రమమున పల్లపునేలకు దిగక తప్పదు. ఎండకాలమున సన్ననిపాయగా కనబడు హంద్రీ, ఆ దిగినవారికి భయము కలిగింపలేదు.

2009వ సంవత్సరపు వృత్తాంతము ఇట్టిది. ఆ యేడు నైరృతి ఋతువున దేశమున 1972 తరువాత ఎరుగనంతటి వర్షాభావము. సెప్టెంబరు చివర ఉత్తర కర్ణాటకమునను రాయలసీమయందును కుండపోతగా వానలు పడెను. అక్టోబరు 2న తుంగభద్రయు హంద్రీయు పొంగి నగరమును ముంచెను. మంత్రాలయము మునిగి వేలకొలది యాత్రికులు చిక్కుకొనిరి. సుంకేసులవద్ద కట్టడము దెబ్బతినెను. దిగువ శ్రీశైలము జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చెను. పూర్తిమట్టము 885 అడుగులు కాగా నీరు 896 అడుగులు తాకెను.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, సంగమస్థలముల స్వభావము. పెద్దనది నిండుగా పారునపుడు చిన్ననది నోరు మూతపడును. దాని నీరు వెనుకకు ఎగదన్ని వీధులలో చొరబడును. కావున హంద్రీవరదను హంద్రీపరీవాహమునందలి వానను మాత్రమే చూచి అంచనావేయుట చాలదు. రెండవది, జలాశయముల నిర్వహణము. కరవునాట నీటిని నిలుపుకొనవలెనను ఆరాటమును, వరదకు చోటుంచవలెనను జాగ్రత్తయు పరస్పరవిరుద్ధములు. ఒకే ఋతువులో రెండును అవసరమైనపుడు చిక్కు తప్పదు. 2014 తరువాత ఆ చిక్కు పెరిగినది. ఎగువ కర్ణాటకము, ఆవలియొడ్డు అలంపురము తెలంగాణము, ఈవలియొడ్డు కర్నూలు ఆంధ్రప్రదేశము. నీటివార్త ఇప్పుడు మూడు ప్రభుత్వముల మధ్య నడువవలెను.

ఇక బీమా. వరద వెడలినపిదప ప్రభుత్వమిచ్చు సాయము దయపై ఆధారపడినది. బీమా ఒడంబడికపై ఆధారపడినది. ఒకటి అడిగి పొందునది, రెండవది హక్కుగా పొందునది. అయితే వరదబీమాకు స్వభావసిద్ధమైన ఇబ్బంది కలదు. అగ్నిప్రమాదము ఒక యింటికి వచ్చును. వరద పేటకంతకును ఒకేసారి వచ్చును. నదియొడ్డువారే బీమా కొని మెట్టవారు కొననిచో ఆ నిధి నిలువదు. అందుచే మనదేశమున వరదను వేరుచేయక, అగ్ని, తుఫాను, భూకంపాదులతో కలిపి ఒకే పత్రమున చేర్చుట వాడుక. పూర్వపు అగ్నిబీమాలో కొంత రుసుము తగ్గింపునకై తుఫాను, వరదల రక్షణను వదలుకొను వీలుండెడిది. ఆ తగ్గింపు కోరినవారికి మునిగిననాడు పత్రము చేతనుండియు ఫలము లేదు. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ‘భారత్ గృహరక్ష’ పత్రమున వరద అంతర్భాగము. ఇంటిసామగ్రికిని కట్టడపు బీమామొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షల రూపాయలకు మించకుండ రక్షణ దానంతట లభించును. అయినను సొంత యింటికి ఇట్టి బీమా చేయించుకొనువారు మనలో నేటికిని అల్పసంఖ్యాకులు. పల్లపుపేటలో అద్దెకుండువానికి కట్టడముపై హక్కు లేదు. వాని సర్వస్వము మంచము, కుట్టుమిషను, పిల్లల పుస్తకములు. సామగ్రికి మాత్రమే బీమా చేయించుకొనవచ్చునని వానికి చెప్పువారు అరుదు.

బీమారుసుము న్యాయముగా నిర్ణయింపబడవలెనన్న అపాయచరిత్ర తెలియవలెను. ఆ చరిత్ర కొలతబద్దలమీదనే లేదు. నీరు ఏ వీధిలో ఏ గడపవరకు వచ్చెను, ఏ మెట్టకు జనులు చేరిరి, వాగులకును పల్లములకును ఉన్న పాతపేరులేవి అను విషయములు పెద్దల నోటనున్నవి. 2009ని కన్నులార చూచినవారు మనమధ్యనే యున్నారు. స్థలనామములను, మౌఖికచరిత్రను సేకరించుట తెలుగు పరిశోధకులకు అలవాటైన పనియే. ఆ సేకరణలో వరదగుర్తులనుగూడ తేదీతో, స్థలముతో నమోదుచేసినచో అది నగరనిర్మాతలకును, బీమావారికిని, ఇల్లు కొనబోవు సామాన్యునకును ఆధారమగును. పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్క పేటను ఎన్నుకొని ఈ పనికి పూనుకొందురుగాక యని మా కోరిక.