వి.వి. గిరి: వర్గ ప్రాతినిధ్యం, న్యాయస్థానం

అమెరికాలో ఒక ఉద్యోగి తనకు జరిగిన వివక్షపై తనవంటి వారందరి పక్షాన దావా వేయవచ్చు. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత పనిచోటి వివక్షను ఎదిరించడానికి ఈ వర్గ దావా ప్రధాన సాధనమైంది. భారతదేశంలో ఆ పాత్రను చాలాకాలం కార్మిక సంఘమే పోషించింది. న్యాయశాస్త్రం చదివి, న్యాయస్థానం కన్నా సంఘాన్నే నమ్మిన వరాహగిరి వెంకటగిరి (1894-1980) జీవితం ఈ తేడాను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

బరంపురంలో జన్మించిన గిరి 1913లో డబ్లిన్‌కు వెళ్ళి న్యాయవిద్య అభ్యసించారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం ఐర్లండు విడిచి, బరంపురంలో వకీలు వృత్తి చేపట్టారు. సహాయ నిరాకరణోద్యమంలో దానిని వదులుకున్నారు. ఆయన అసలు వృత్తి ఆ తర్వాతే మొదలైందనడం అతిశయోక్తి కాదు.

బరంపురం, పలాస, నౌపడలను కలిపే ప్రధాన మార్గం అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఉత్తరాంధ్ర నుండి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు వలస వెళ్ళిన తెలుగు కార్మికుల సంఖ్య స్వల్పం కాదు. ఆ పట్టణంలో నేటికీ తెలుగు వాడలున్నాయి. అక్కడి రైల్వేలో యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్, భారతీయ ఉద్యోగుల మధ్య జీతాల్లో, పదోన్నతుల్లో, నివాస గృహాల్లో అంతరాలుండేవి. 1929లో ఏర్పడిన కార్మిక రాయల్ కమిషన్ ముందుకు రైల్వేల్లోని జాతివివక్ష ప్రశ్న కూడ వచ్చింది. అటువంటి అంతరంపై ఒక్క ఫిట్టరు కోర్టుకెక్కి సాధించగలిగింది దాదాపు శూన్యం. యజమానికీ కార్మికునికీ మధ్యనున్నది వ్యక్తిగత ఒప్పందమనే దృష్టితోనే నాటి న్యాయం నడిచేది.

గిరి ఎంచుకున్న మార్గం వేరు. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య నిర్మాణంలో పాల్గొని, దీర్ఘకాలం దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు ప్రతినిధిగా వెళ్ళారు. ఖరగ్‌పూర్ తొలగింపులకు వ్యతిరేకంగా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సాగించిన అహింసాయుత పోరాటానికి నాయకత్వం వహించారు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం రిజిస్టరైన సంఘానికి చట్టబద్ధమైన ఉనికినిచ్చింది. న్యాయవాదిగా గిరి దాని విలువను గుర్తించారు. ఒక్కొక్కరి ఫిర్యాదును వర్గ సమస్యగా మార్చే శక్తి అందులో ఉంది.

1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. 1952లో పాతపట్నం లోక్‌సభ స్థానం నుండి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం అప్పటికే అమలులో ఉంది. సంఘం భుజాన వేసుకుంటే తప్ప ఏకవ్యక్తి వివాదం పారిశ్రామిక వివాదం కాదనే సూత్రాన్ని న్యాయస్థానాలు స్థిరపరుస్తున్న కాలమది. తొలగించబడిన ఉద్యోగి ఏకవ్యక్తి వివాదం సంఘం మద్దతు లేకున్నా పారిశ్రామిక వివాదంగా పరిగణింపబడే వీలు 1965 సవరణతో గాని కలుగలేదు. ఇంత సమష్టి స్వభావమున్న చట్టం కూడ గిరికి తృప్తినివ్వలేదు. నిర్బంధ న్యాయనిర్ణయం సంఘాలను వకీళ్ళపై ఆధారపడేలా చేసి, బేరమాడే సామర్థ్యాన్ని హరిస్తుందని ఆయన వాదం. ‘గిరి విధానం’గా పేరొందిన ఈ వాదం ఒక బారిస్టరు నుండి రావడం గమనార్హం.

ఆయన పదవి వీడడానికి మాత్రం న్యాయనిర్ణయమే కారణమైంది. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని 1954 ఆగస్టులో ప్రభుత్వం మార్చివేసింది. గిరి రాజీనామా చేశారు. తాను ఇష్టపడని వ్యవస్థ ఇచ్చిన తీర్పునే ఆయన నిలబెట్టదలచడంలో వైరుధ్యం కన్నా నిజాయితీయే ఎక్కువ: ఒకసారి తీర్పరిని ఒప్పుకున్నాక, ఓడిన పక్షం దానిని దిద్దరాదు. ఆ వివాదాన్ని పరిశీలించే కమిషన్‌ను తొలుత జస్టిస్ రాజాధ్యక్షకు అప్పగించారు; ఆయన మరణానంతరం జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్ 1955లో నివేదిక సమర్పించారు.

ఇదే న్యాయమూర్తి గిరి జీవితంలో మరోసారి ఎదురయ్యారు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో రెండు స్థానాలనూ షెడ్యూల్డ్ తెగల అభ్యర్థులుగా పోటీచేసిన వారే గెలిచారు. ఓడిన గిరి, డిప్పల సూరిదొర ఎన్నికను సవాలు చేశారు. సూరిదొర మూకదొర తెగకు చెందినవారు కారని, క్షత్రియుడయ్యారని ఒక వాదన. రిజర్వుడు స్థానానికి నిలిచినవారికి సాధారణ స్థానం దక్కదని మరొకటి. 1959 మే నెలలో సుప్రీంకోర్టు వీటిని అంగీకరించలేదు. అప్పటికి గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరు. గజేంద్రగడ్కర్ ప్రధాన తీర్పు ప్రకారం, రిజర్వుడు స్థానం నిండాక మిగిలినది ఆదివాసీ అభ్యర్థితో సహా అందరికీ తెరచియుంటుంది. పై కులపు ఆచారాలు పాటించినంత మాత్రాన, తానే చెప్పుకున్నంత మాత్రాన కులస్థాయి మారదు.

జాతి, వేతనం అనే భేదాలను నిశితంగా చూసిన గిరి దృష్టికి తెగ అనే భేదం ఇక్కడ ఓట్ల లెక్కగానే అందిందని భావించవచ్చు. కార్మిక వర్గం తరఫున సమష్టి గొంతును కోరినవారు, ఆదివాసీ సమూహం రెండు స్థానాలనూ గెలుచుకున్నప్పుడు వ్యక్తిగత అభ్యర్థిగా కోర్టును ఆశ్రయించారు. ద్విసభ్య నియోజకవర్గాలు 1961లో రద్దయ్యాయి. తీర్పులోని కులస్థాయి భాగం మాత్రం తర్వాతి కులధ్రువీకరణ వివాదాల్లో ఉదాహరించబడుతూ వచ్చింది.