నాడీకణాల్లో త్వచ రవాణా

నాడీకణం తనకు కావలసిన పదార్థాలను పలుచని కొవ్వు పొర చుట్టిన సూక్ష్మ సంచులలో ఉంచి గమ్యానికి చేరుస్తుంది. అక్కడ ఆ సంచి పొర కణత్వచంతో కలిసిపోతుంది, వాడిన పొర తిరిగి లోపలికి వస్తుంది. ఈ మొత్తం ప్రక్రియే త్వచ రవాణా. సంచులను వెసికిల్స్ అంటారు. ఏ వెసికిల్ ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఏ క్షణాన తెరుచుకోవాలో నిర్ణయించేవి ప్రోటీన్లు. మన కదలిక, జ్ఞాపకం, ఊపిరి ఈ ప్రోటీన్ల కచ్చితత్వం మీదే ఆధారపడి ఉన్నాయి.

దూరం, వాహకాలు

వెసికిల్‌కు కావలసిన ప్రోటీన్లు ఎక్కువగా కణదేహంలో తయారై, ప్రోటీన్లను వర్గీకరించే గాల్జీ సంక్లిష్టంలో వేరుపడి బయలుదేరుతాయి. వెన్నుపాము నుంచి పాదం దాకా సాగే తంత్రికాక్షం (నాడీకణపు పొడవైన పోగు) పొడవు సుమారు ఒక మీటరు. ఇంత దూరం వాటంతటవి వ్యాపించి చేరడం అసాధ్యం. అందుకే తంత్రికాక్షం పొడవునా సూక్ష్మనాళికలు పరుచుకుని ఉంటాయి. వాటి మీద కైనెసిన్ కుటుంబపు ప్రోటీన్లు సరుకును కొనవైపు మోస్తాయి. డైనీన్ కణదేహంవైపు తెస్తుంది. కైనెసిన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చుచేస్తూ 8 నానోమీటర్ల చొప్పున అడుగు వేస్తుంది. ఈ వేగవంతమైన రవాణా రోజుకు 200–400 మిల్లీమీటర్లు సాగుతుంది. 1985లో రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ స్క్విడ్ అనే సముద్రజీవి నాడీకణాలలో కైనెసిన్‌ను గుర్తించారు.

గమ్యాన్ని గుర్తించడం

మానవ కణాల్లో రాబ్ కుటుంబపు ప్రోటీన్లు 60కి పైగా ఉన్నాయి. ఒక్కో పొర మీద ఒక్కో రకం రాబ్ చేరి దాని గుర్తింపును తెలుపుతుంది. నాడీకణం మరో కణాన్ని కలిసే చోటైన నాడీసంధిలోని వెసికిల్స్ మీద రాబ్-3, కణం లోపలికి అప్పుడే వచ్చిన సంచుల మీద రాబ్-5, విచ్ఛిన్నం కావలసిన సరుకున్న సంచుల మీద రాబ్-7 ఉంటాయి. గమ్యం దగ్గరి ప్రోటీన్లు ఆ గుర్తును పట్టి సంచిని ఆపుతాయి.

పొరలు కలిసే క్షణం

నాడీసంధి దగ్గరి వెసికిల్ వ్యాసం సుమారు 40 నానోమీటర్లు. అందులోని సంకేత రసాయనాలైన నాడీ ప్రసారకాలు బయటకు రావాలంటే దాని పొర కణత్వచంతో ఏకం కావాలి. ఈ పని స్నేర్ ప్రోటీన్లది. వెసికిల్ మీది సినాప్టోబ్రెవిన్, కణత్వచం మీది సింటాక్సిన్, స్నాప్-25 తాడు పేనినట్లు ఒకదానితో ఒకటి మెలిపడి రెండు పొరలనూ దగ్గరకు లాగుతాయి. మంక్-18, మంక్-13 ఆ మెలిక సరిగా పడేలా చూస్తాయి. నాడీ ప్రేరణ కొనకు చేరగానే కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. సినాప్టోటాగ్మిన్ వాటిని పట్టుకోగానే, మిల్లీసెకను కూడా గడవకముందే, పొరలు కలుస్తాయి. తర్వాత ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్ ఏటీపీ శక్తితో ఆ మెలికను విప్పి స్నేర్‌లను మళ్లీ వాడకానికి సిద్ధం చేస్తుంది.

పొరను తిరిగి తీసుకోవడం

కణత్వచంలో కలిసిన పొరను క్లాత్రిన్, దాని సహాయక ప్రోటీన్లు లోపలికి ముడుస్తాయి. డైనమిన్ ఆ ముడుత మెడను తెంచి కొత్త సంచిని విడదీస్తుంది. ఇది జరగకపోతే నాడీకొనలో వెసికిల్స్ నిండుకుంటాయి.

పరిశోధనలు

రాండీ షెక్‌మన్ ఈస్ట్ కణాలలో రవాణాను నడిపే జన్యువులను వెలికితీశారు. జేమ్స్ రోత్‌మన్ స్నేర్‌ల పాత్రను, థామస్ సూడాఫ్ కాల్షియం నియంత్రణను వివరించారు. ఈ ముగ్గురికీ 2013లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. భారతీయ శాస్త్రవేత్త ఒబైద్ సిద్దిఖీ, సేమర్ బెంజర్‌తో కలిసి 1976లో వేడికి పక్షవాతం వచ్చే పండు ఈగలను వర్ణించారు. వాటిలో ‘కోమటోస్’ రకంలో దెబ్బతిన్నది ఎన్‌ఎస్‌ఎఫ్ జన్యువేనని 1995లో తేలింది. ‘షిబిరే’ అనే మరో రకం ఈగల్లోని లోపం డైనమిన్‌లో ఉంది.

వైద్య ప్రాముఖ్యం

రాబ్-7 లోపాల వల్ల చార్కో-మరీ-టూత్ అనే నరాల వ్యాధిలో ఒక రకం వస్తుంది. మంక్-18 జన్యువు దెబ్బతింటే పసిపిల్లల్లో తీవ్రమైన మూర్ఛలు రావచ్చు. బొట్యులినమ్ విషంలోని ‘ఎ’ రకం స్నాప్-25ను ముక్కలు చేసి కండరాలను చచ్చుబరుస్తుంది. దాన్నే అతి స్వల్ప మోతాదులో కండరాల బిగుతుకు చికిత్సగా వాడుతున్నారు. ధనుర్వాత విషం డైనీన్ రవాణానే వాడుకుని వెన్నుపాముకు చేరి, కండరాలను అదుపుచేసే నాడీకణాల్లో సినాప్టోబ్రెవిన్‌ను తెంచుతుంది. అదుపు తప్పిన కండరాలు బిగుసుకుపోతాయి. నాడీకణంలోకి ప్రవేశించిన విషాన్ని ప్రతిదేహాలు చేరలేవు. కనుక గాయం తగలకముందే ధనుర్వాత టీకాలు సకాలంలో వేయించుకుని ఉండడమే నమ్మదగిన రక్షణ.