పనికి ప్రేరణ: క్రైస్తవ దృక్పథం (పశ్చిమ ప్రకాశం)

ఏ పనినైనా మనుషుల మెప్పు కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయాలనే భావన. దీనికి ఆధారం కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:23. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో దీన్ని ప్రధానంగా వ్యాప్తి చేసింది ఒంగోలు కేంద్రంగా ఎదిగిన అమెరికన్ బాప్టిస్టు మిషను. తొలి విశ్వాసుల్లో ఎక్కువమంది తోలుపని, కూలిపని చేసుకునే మాదిగలు. ఆదివారం పని మానడం వారి కొత్త నియమం. దానివల్ల ఊరి పెద్దలతో తగవులు వచ్చాయి.

1876–78 కరువులో ఈ మిషనుకు చెందిన మిషనరీ జాన్ క్లౌ, బాధితులకు పని కల్పించడానికి, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, విరామ సమయంలో వాక్యం చెప్పేవారు. కూలి ఆశతో మతం మారారన్న మాట రాకుండా కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపారు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.