పాదం ముందుభాగంలో నొప్పి పోవట్లేదా? ఏ ఆపరేషన్ ఎవరికి?

సిద్దిపేట: కుట్టుమిషన్ తొక్కే దర్జీలు, రోజంతా కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లు, ఇంట్లో బండల మీద చెప్పుల్లేకుండా తిరిగే ఆడవాళ్లు తరచూ చెప్పే బాధ ఒకటుంది. కాలి వేళ్ల మొదట్లో, అరికాలి కింద గులకరాయి ఉన్నట్టు గుచ్చుకుంటుంది. దీన్ని డాక్టర్లు మెటటార్సాల్జియా అంటారు. ఇది జబ్బు పేరు కాదు, నొప్పి ఎక్కడుందో చెప్పే మాట మాత్రమే. కారణం నరమా, ఎముకా, కీలా అన్నది తేలకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవడం తొందరపాటే.

చాలామందికి అసలు కోత అవసరమే రాదు. ముందు వెడల్పాటి, మెత్తటి చెప్పులు వాడాలి. మెటటార్సల్ ప్యాడ్ అనే చిన్న దిండు పెట్టుకోవాలి. దాన్ని సరిగ్గా నొప్పి ఉన్నచోట కాకుండా, దానికి కాస్త వెనక పెట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పిక్క కండరాలు బిగుసుకుంటే బరువంతా ముందుకు పడుతుంది కాబట్టి వాటిని సాగదీసే వ్యాయామం కూడా చేయాలి. ఇలా మూడు నుంచి ఆరు నెలలు చేసినా తగ్గకపోతేనే ఆపరేషన్ మాట. అప్పుడు కూడా నిలబడి తీసిన ఎక్స్‌రే ఉండాలి. పడుకోబెట్టి తీస్తే బరువు ఎక్కడ పడుతోందో తెలియదు.

మంట, తిమ్మిరి ఉండి, ముఖ్యంగా మూడో, నాలుగో వేళ్ల మధ్య కరెంటు కొట్టినట్టుంటే మార్టన్స్ న్యూరోమా కావచ్చు. 1876లో అమెరికా డాక్టర్ థామస్ మార్టన్ దీని గురించి రాశారు. అందుకే ఆ పేరు. దీనికి రెండు దారులున్నాయి. నరాన్ని నొక్కుతున్న లిగమెంట్‌ను కోసి వదులు చేయడం ఒకటి. ఉబ్బిన నరాన్నే తీసేయడం రెండోది. తీసేస్తే నొప్పి చాలామందికి తగ్గుతుంది కానీ ఆ రెండు వేళ్ల మధ్య స్పర్శ శాశ్వతంగా పోతుంది. కొందరికి కోసిన చివర మళ్లీ గడ్డకట్టి నొప్పి తిరిగొస్తుంది. కోత సాధారణంగా పాదం పైనుంచే పెడతారు. అరికాలిలో మచ్చ పడితే అడుగు వేసినప్పుడల్లా నొచ్చే ప్రమాదం ఉంది.

వేలి ఎముక పొడుగ్గా ఉండి, కింద ఆనె కట్టి నొస్తుంటే వైల్ ఆస్టియాటమీ చేస్తారు. ఎముకను కోసి కొంచెం వెనక్కి జరిపి చిన్న స్క్రూ బిగిస్తారు. సుమారు ఆరు వారాలు ప్రత్యేక చెప్పుతో నడవాలి, వాపు నెలల తరబడి ఉండొచ్చు. తర్వాత వేలు బిగుసుకోవడం, నేలకు ఆనకుండా పైకి లేచి ఉండడం దీని ముఖ్యమైన ఇబ్బందులు. చిన్న రంధ్రాల గుండా స్క్రూ లేకుండా చేసే పద్ధతీ ఉంది. మచ్చ చిన్నదే కానీ వాపు త్వరగా పోతుందనుకోవద్దు.

బొటనవేలు వంకరపోవడమే మూలమైతే ముందు దాన్ని సరిచేయాలి. లేకపోతే బరువు పక్క వేళ్ల మీదికి పోతూనే ఉంటుంది. కీలు బాగా అరిగితే దాన్ని అతికించేస్తారు. నొప్పికి గట్టి మందే, కానీ ఆ వేలు ఇక మొదట్లో వంగదు. ఇది నమాజీలు ముందే ఆలోచించాల్సిన విషయం. సజ్దాలో, హనఫీ పద్ధతిలో మగవాళ్లు కుడి పాదం నిలబెట్టి కూర్చునేటప్పుడు వేళ్లు కిబ్లా వైపు వంగాలి కదా. అరుగుదల తక్కువగా ఉంటే పైన పెరిగిన ఎముకను మాత్రమే చెక్కే చీలెక్టమీ కుదురుతుందేమో అడగాలి. అందులో కదలిక మిగులుతుంది. జబ్బుపడ్డవాళ్లకు కుర్చీ మీద నమాజ్ రుఖ్సత్ ఉంది, వివరాలు స్థానిక ఆలిమ్‌ను అడగొచ్చు. కానీ "నేను నేలమీద కూర్చోవాలి, సజ్దా చేయాలి" అని డాక్టర్ సాబ్‌కు చెప్పాల్సింది ఆపరేషన్ తర్వాత కాదు, ముందే.

షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, పాదానికి రక్తప్రసరణ పరీక్ష లేకుండా కత్తి పెట్టించుకోవద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కొన్నిరోజులు షుగర్ పెంచుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.

సిద్దిపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2018లో మొదలైంది. మొదటి పరీక్షకు దాని ఆసుపత్రిలోని ఎముకల విభాగానికి వెళ్లొచ్చు. పాదం ఆపరేషన్లలో అనుభవమున్న సర్జన్ కావాలంటే సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. అయితే మీకు చెప్పిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో తేదీ ఖాయం చేసుకోకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలతోపాటు రోజూ వేసుకునే చెప్పులు కూడా తీసుకెళ్లండి. అవి ఎక్కడ అరిగాయో చూస్తే పాదం మీద బరువు ఎటు పడుతోందో డాక్టర్‌కు కొంత అర్థమవుతుంది.