ఛాయాచిత్ర సర్వే ఉద్యమం (బ్రిటన్)

తమ ప్రాంతంలో రూపుమాసిపోతున్న కట్టడాలను, ఆచారాలను ఫొటోలు తీసి, వివరాలతో సహా ప్రజా గ్రంథాలయాల్లో భద్రపరచడానికి 19వ శతాబ్దం చివర బ్రిటన్‌లో ఔత్సాహిక ఛాయాగ్రాహకులు సాగించిన స్వచ్ఛంద ఉద్యమం.

పాత కట్టడాలను కెమెరాతో నమోదు చేయడం అంతకు ముందే ఉంది. 1851లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఈ పనికి అయిదుగురు ఛాయాగ్రాహకులను నియమించింది. 1875లో లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే పాత సత్రాన్ని కూల్చబోతున్నారని తెలిసి, కొందరు పురాతత్వ ప్రియులు ఒక సంఘంగా ఏర్పడి దాన్ని ఫొటోలు తీయించారు. ఆ సంఘం 1886 వరకు పనిచేసి, పాత లండన్‌కు చెందిన 120 చిత్రాలను వెలువరించింది. అయితే వీటిని తీసినవారు వృత్తి ఛాయాగ్రాహకులు. ముందే రసాయనం పూసి ఆరబెట్టిన గాజు పలకలు, అంటే డ్రై ప్లేట్లు, వచ్చాకే పరిస్థితి మారింది. గాజు పలకపై అక్కడికక్కడ రసాయనం పూసి, తడి ఆరకముందే కడగాల్సిన అవసరం తప్పడంతో సెలవు రోజున బయలుదేరే బడిపంతులు కూడా ఫొటోలు తీయగలిగాడు.

ఉద్యమానికి రూపమిచ్చిన విలియం జెరోమ్ హారిసన్ (1845–1908) బర్మింగ్‌హామ్‌లో విజ్ఞానశాస్త్ర బోధకుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. వార్విక్‌షైర్ కౌంటీ మొత్తాన్ని సభ్యులు పంచుకుని ఫొటోలు తీయాలని ఆయన 1889 డిసెంబరులో స్థానిక ఛాయాగ్రాహక సంఘం ముందు ప్రతిపాదించారు. మరుసటి ఏడాది పని మొదలైంది. 1892లో ఈ ఆలోచనను దేశమంతటికీ విస్తరించాలని కోరారు.

గాజు పరిశ్రమ అధిపతి, 1895లో పార్లమెంటు సభ్యుడైన సర్ బెంజమిన్ స్టోన్ (1838–1914) ఈ పనికి పెద్ద అండ. 1897లో ఆయన జాతీయ ఛాయాచిత్ర నమోదు సంఘాన్ని స్థాపించారు. అది 1910 వరకు పనిచేసి, తన ప్రింట్లను బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించింది. స్టోన్‌కు జాతరలన్నా, గ్రామ వేడుకలన్నా మక్కువ. స్టాఫర్డ్‌షైర్‌లోని ఆబట్స్ బ్రామ్లీ కొమ్ముల నాట్యాన్ని ఆయన ఫొటోలు తీశారు. అందులో ఆరుగురు రెయిన్‌డీర్ కొమ్ములు మోస్తారు. వారితో పాటు ఆడవేషం కట్టిన మగవాడు, కొయ్యగుర్రం వేషగాడు, విల్లు పట్టిన కుర్రవాడు ఉంటారు.

సర్వేల్లో అందం కన్నా ఆధారానికే విలువ. నెగెటివ్‌కు మెరుగులు దిద్దకూడదు. మామూలు వెండి ప్రింట్లు కాలక్రమంలో పసుపెక్కి వెలిసిపోతాయి కనుక ప్లాటినం, కార్బన్ ప్రింట్లే కావాలనేవారు. ఫొటో అంటించిన ప్రతి అట్ట మీదా స్థలం, తేదీ, తీసినవారి పేరు రాయాలి. ఈ క్రమశిక్షణ 1902లో క్రోయ్‌డన్ కేంద్రంగా మొదలైన సర్రే సర్వేలో పరాకాష్ఠకు చేరింది. అక్కడి ప్రజా గ్రంథాలయాధికారి స్టాన్లీ జాస్ట్ ఫొటోలను పుస్తకాల మాదిరిగా దశాంశ పద్ధతిలో వర్గీకరించారు. గోవర్, టాప్లీలతో కలిసి ఆయన 1916లో రాసిన ‘ది కెమెరా యాజ్ హిస్టారియన్’ ఈ విద్యకు ప్రామాణిక గ్రంథం. పేరూ తేదీ లేని పాత ఫొటోలు పెట్టెల నిండా ఉన్నవారికి నేటికీ పనికొచ్చే పుస్తకమది.

మొదటి ప్రపంచ యుద్ధంతో ఉద్యమం సన్నగిల్లింది. అయినా ఫొటోలతో నమోదు చేసే పని వేరే రూపాల్లో కొనసాగింది. 1941లో రెండో ప్రపంచ యుద్ధపు బాంబు దాడుల మధ్య జాతీయ భవనాల రికార్డు సంస్థ ఏర్పడింది. 1970లలో మాంచెస్టర్‌లో కార్మిక కుటుంబాల ఆల్బమ్‌లకు నకళ్లు తీసి భద్రపరిచే పని సాగింది. 2005లో మొదలైన జియోగ్రాఫ్ ప్రాజెక్టులో స్వచ్ఛంద సభ్యులు బ్రిటన్, ఐర్లండ్‌లలోని ప్రతి చదరపు కిలోమీటరు గడినీ ఫొటోలు తీస్తున్నారు.

స్టోన్ సేకరణలోని వేలాది ఫొటోలు బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో ఉన్నాయి.